డ్రమ్ముల దగ్గర ఎవరూ కూర్చోరు

అనకాపల్లి మెయిన్ రోడ్డులో ఒక బట్టల షాపు పైన, రెండో అంతస్తులో, దేవీప్రసాద్ గేమ్ జోన్ తెరిచినప్పుడు పనికి మొదట చేరిన మనిషి సోనీ. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. బీకాం చదివి కొన్నాళ్ళు మందుల ఏజెన్సీలో బిల్లులు కొట్టింది. ఆ ఏజెన్సీ ఎత్తేస్తే ఇక్కడికి వచ్చింది. ఇక్కడ పని కష్టమైనదేం కాదు. వచ్చినవాళ్ళకి కార్డులివ్వడం, ఏ మిషన్ ఎలా ఆడాలో చెప్పడం, చిన్నపిల్లలు కారు బొమ్మల మీంచి దొర్లిపోకుండా ఓ కన్నేసి ఉంచడం. మధ్యాహ్నాలు ఖాళీ. కాలేజీలు వదిలాక మాత్రం చెవులు గింగురుమనేవి.

దేవీప్రసాద్‌ది మునగపాక. చెరకు, వరి తమ్ముడికి వదిలేసి టౌనులోకి వచ్చేశాడు. విశాఖపట్నంలో మూతబడ్డ ఒక మాల్ నుంచి పాత ఆట మిషన్లన్నీ ఒక్క లారీలో వేసి తెచ్చుకున్నాడు. తుపాకీ ఆట, బైకు రేసు, బాస్కెట్‌బాల్, వాటితోపాటు ఒక రిథమ్ గేమ్. పెద్ద తెర, దాని ముందు రెండు ప్లాస్టిక్ గిటార్లు. పక్కన ఒక స్టూలు, నాలుగు రబ్బరు ప్యాడ్లున్న డ్రమ్ సెట్టు, కింద కాలితో తొక్కే పెడల్. పాట మొదలవగానే తెర పైనుంచి రంగుల బిళ్ళలు కిందికి జారుతూ వస్తాయి. బిళ్ళ వచ్చి గీతకు తగిలిన క్షణానికి, గిటార్ అయితే ఆ రంగు మీట నొక్కాలి, డ్రమ్ అయితే ఆ రంగు ప్యాడ్ మీద పుల్లతో కొట్టాలి.

దేవీప్రసాద్ ఆశంతా డ్రమ్ మోడ్ మీదే ఉండేది.

"జాతరకాడ డప్పు ఇనబడితే ఒళ్ళు కదపకుండా ఉండీవోడు మనూళ్ళో ఉన్నాడేటి? సూడు సోనీ, గిటార్లు ఎవులికీ అక్కర్నేదు. ఈ డ్రమ్ముకాడే లైను కడతారు" అన్నాడు.

లైను గిటార్ల దగ్గర కట్టారు. డ్రమ్ముల దగ్గర ఎవరూ కూర్చోలేదు. అటుగా వెళ్తున్నవాళ్ళు ప్యాడ్ మీద వేళ్ళతో ఓ దెబ్బ వేసి వెళ్ళేవారు. ఎవరో ఒకరు స్నేహితుల బలవంతం మీద కూర్చుని, పాట సగం కాకుండానే పుల్లలు పెట్టేసి లేచిపోయేవారు. ఒకసారి లేచినవాళ్ళు మళ్ళీ కూర్చోవడం సోనీ చూడలేదు.

కొన్ని నెలలు పోయాక ఒక మధ్యాహ్నం దేవీప్రసాద్ టీ తాగుతూ ఆమెనే అడిగాడు.

"రోజంతా ఇక్కడే ఉంటావు కదా, నువ్వు సెప్పు. ఈ డ్రమ్ముకి ఏటైనాది? పాడైపోనాదేటి?"

"పాడవలేద్సార్. గిటార్ అయితే నిలబడి ఆడతారు. చేతిలో పట్టుకుంటే ఫోటో బాగుంటాది. తప్పు నొక్కినా పక్కోడికి తెలీదు. డ్రమ్ అలాకాదు కదా. అందరి మధ్యలో కూర్చోవాలి. తప్పు కొడితే టప్పుమని హాలంతా వినిపిస్తాది. ఇద్దరొస్తే ఇద్దరూ గిటార్లే తీసుకుంటారు."

"అలగైతే ఈజీ పెట్టుకోవచ్చు కదా."

"ఈజీలో కూడా కాలు ఉంటాది సార్. చేతులు వింటాయి గానీ కాలు వినదు. కుడిచెయ్యి ఎటెళ్తే అటే పోతాది." ఆమె గిటార్ల వైపు చూపించింది. "గిటార్ మోడ్‌లో నొక్కుతున్నది నిజం గిటార్ కాదు సార్. మీటలు నొక్కితే చాలు, గిటార్ వచ్చేసినట్టు ఉంటాది. డ్రమ్ములో ఆ సుఖం లేదు. కొట్టడం నిజంగా వస్తేనే వస్తాది. ఆడుకుందామని వచ్చినోళ్ళకి పని చెప్పినట్టు ఉంటాది."

"మరి నిజంగా వచ్చినోళ్ళు?"

"వాళ్ళకి ఈ రబ్బరు నచ్చదు. పుల్ల వెనక్కి లేవదు. దెబ్బ పడ్డాక మిషన్‌కి కాస్త లేటుగా తెలుస్తాది. రానోళ్ళకి కష్టం, వచ్చినోళ్ళకి చిరాకు."

దేవీప్రసాద్ ఖాళీ గ్లాసు కౌంటర్ మీద పెట్టి ఆమెకేసి చూశాడు. "నీకెలగ తెలుసమ్మా ఇవన్నీ?"

"చూస్తున్నాను కదా సార్" అంది సోనీ. అంతకుమించి చెప్పలేదు.

చెప్పాలంటే అన్నయ్య గురించి చెప్పాలి. రోనాల్డ్ ఆమెకన్నా రెండేళ్ళు పెద్ద. ఏసీలు బిగించే పని. ఆదివారం వచ్చిందంటే మాత్రం చర్చిలో డ్రమ్స్ దగ్గర ఉండేవాడు. సొంత డ్రమ్స్ కొనుక్కునే స్తోమత లేదు, కొన్నా అద్దె ఇంట్లో వాయించనిచ్చేవాళ్ళు లేరు. అందుకని బియ్యం డబ్బా మూత, తలగడ, కుర్చీ చెయ్యి, అన్నం కంచం, బండి పెట్రోలు ట్యాంకు, ఏది దొరికితే దాని మీద వాయించేవాడు. తలగడ మీద కొట్టడం సోనీకీ నేర్పాడు. "కుడిచెయ్యి నువ్వు, ఎడంచెయ్యి నేను అనుకో. ఇద్దరం ఒకే గదిలో ఉండాలి, కానీ ఒకరి పని ఒకరు చెడగొట్టకూడదు" అనేవాడు. కాలు సంగతి అడిగితే, "కాలు అమ్మ. ఎవరేం చేసినా దాని పని అది చేసుకుపోద్ది" అని నవ్వేవాడు.

సోనీకి తాళం తనకన్నా బాగా నిలుస్తుందని రోనాల్డే నలుగురిలో చెప్పేవాడు. చర్చిలో ఆమెను డ్రమ్స్ దగ్గర కూర్చోవద్దని ఎవరూ అనలేదు. కూర్చోమనీ ఎవరూ అనలేదు. ఆడపిల్లలు పాటల గుంపులో నిలబడతారు, ఆమె కూడా నిలబడింది.

వాళ్ళ నాన్న వరప్రసాదరావు బెల్లం మార్కెట్‌లో ఒక కొట్టులో గుమాస్తా. మనిషి మెత్తన. మాట తక్కువ. చప్పుడు పడేది కాదు ఆయనకి. "రోజంతా మార్కెట్లో అరుపులే. ఇంటికొత్తే నీ టకటకలు. ఏటుందిరా ఆ కొట్టుడులో?" అని విసుక్కునేవాడు. రోనాల్డ్ నవ్వి చేతులు ఆపేవాడు. కాసేపటికి మళ్ళీ మొదలయ్యేది.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో రోనాల్డ్‌కి జ్వరం తగిలింది. ఊపిరి అందకపోతే విశాఖపట్నం తీసుకెళ్ళారు. మంచం దొరకడమే గగనమైంది. దొరికింది గానీ మనిషి తిరిగి రాలేదు. సమాధి దగ్గరికి తండ్రిని ఒక్కడినే రానిచ్చారు. తెల్లటి కిట్లు వేసుకున్న మనుషులు పెట్టెను దించారు. పాస్టరుగారు దూరంగా నిలబడి ప్రార్థన చేశారు. వాళ్ళ చర్చిలో ఎంత పేదవాడు పోయినా సమాధి దగ్గర పాట పాడతారు. ఆ రోజు పాట లేదు. పాడేవాళ్ళెవరూ లేరు.

"పాటైనా లేకుండా పంపించేసేం బిడ్డని" అని తల్లి చిన్నమ్మలు ఇప్పటికీ అంటుంది. ఆమె కొడుకు మాట ఎత్తని రోజు ఉండదు. వాడికి ఇష్టమైన కూర, వాడు చింపుకున్న చొక్కా, వాడు పక్కింటివాళ్ళ ఏసీ ఊరికే బాగుచేసి పెట్టడం. వరప్రసాదరావు దానికి పూర్తిగా వేరు. కొడుకు పేరు నోట రానివ్వడు. భార్య ఆ మాట మొదలెడితే చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోతాడు. చర్చికి కూడా పొద్దుటి ఆరాధనకే వెళ్ళడం మొదలుపెట్టాడు. దానిలో డ్రమ్స్ ఉండవు. ఒకసారి సోనీ అన్నం తింటూ, తెలియకుండానే వేళ్ళతో కంచం అంచు మీద తాళం వేసింది. ఆయన ముద్ద వదిలేసి లేచాడు. ఆ తర్వాత ఆమె చేతులు దేని మీదా తాళం వేయలేదు.

అందుకే గేమ్ జోన్‌లో అన్ని మిషన్లూ తనే తుడిచినా, ఆ ఒక్క డ్రమ్ సెట్టు జోలికి ఆమె వెళ్ళేది కాదు.

రెండో ఏడాది వానాకాలంలో దాని పెడల్ పనిచేయడం మానేసింది. మెకానిక్ నూకరాజు వచ్చి, వైరు మార్చి, తొక్కి చూడమన్నాడు. దేవీప్రసాద్ కూర్చుని తొక్కాడు గానీ చేతులు కదిపితే కాలు, కాలు కదిపితే చేతులు ఆగిపోతున్నాయి.

"పాటంతా ఆడితే గానీ తెలీదు బావా. ఎవులైనా కూకోండి" అన్నాడు నూకరాజు.

బయట కుండపోత. హాల్లో ఒక్క మనిషి లేడు. "సోనీ, నువ్వు రా" అన్నాడు దేవీప్రసాద్.

"నాకు రాద్సార్."

"వచ్చీదేటమ్మా, ఊరికే కొట్టడమే కదా. తప్పులైపోతే అయిపోనీ."

ఆమె వచ్చి కూర్చుంది. స్టూలు కాస్త వెనక్కి జరుపుకుంది. పుల్లలు ప్లాస్టిక్‌వి, తేలిక. తెర మీద బిళ్ళలు దిగడం మొదలైంది. మొదట కొన్ని తప్పిపోయాయి. మిషన్‌కి దెబ్బ ఆలస్యంగా తెలుస్తోందని అర్థమై, దెబ్బని ఒక వెంట్రుకవాసి ముందే వేయడం మొదలుపెట్టింది. అక్కడినుంచి ఒక్కటీ తప్పలేదు. కుడిచెయ్యి తన దారిన, ఎడంచెయ్యి తన దారిన పోతున్నాయి. కాలు కింద తన పని తాను చేసుకుపోతోంది. పాట మధ్యలో ఆమె తెర చూడటం కూడా మానేసింది. చేతులకేసి చూసుకుంటోంది, అవి ఎవరివో అన్నట్టు.

పాట అయిపోయింది. తెర మీద నక్షత్రాలు వెలిగాయి. నూకరాజు స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ నేర్సుకున్నావమ్మా?" అన్నాడు దేవీప్రసాద్ మెల్లిగా.

"మా అన్నయ్య" అంది సోనీ. పుల్లలు ప్యాడ్ మీద పెట్టి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి చాలాసేపు కుళాయి విప్పి ఉంచింది. బయటికి వచ్చాక వాళ్ళిద్దరూ ఇంకేమీ అడగలేదు.

మర్నాడు మాత్రం దేవీప్రసాద్ ఒక మాట అన్నాడు. "సాయంత్రం జనం ఉన్నప్పుడు ఒక పాట వాయించమ్మా. నిన్ను సూసి నలుగురు కూకుంటారు." సోనీ వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక మాత్రం ఆ ఒక్క పాట కోసం పొద్దుటినుంచి ఎదురుచూడటం మొదలుపెట్టింది. ఆ మూడు నిమిషాలూ అన్నయ్య పోయినట్టు ఉండేది కాదు. పాట ఆగాక మళ్ళీ పోయేవాడు.

జనం చేరారు. ఫోన్లు ఎత్తి వీడియోలు తీశారు. "అక్కా, ఇంకోటి" అని అరిచారు. గిటార్లకి గిరాకీ ఇంకా పెరిగింది. ఆమె డ్రమ్స్ కొడుతుంటే పక్కన నిలబడి గిటార్ మోడ్ ఆడటం కుర్రాళ్ళకి గొప్ప. ఆమె లేచాక మాత్రం ఆ స్టూలు మీద కూర్చోవడానికి అంతకుముందు కూర్చున్న ఒకరిద్దరు కూడా సాహసించలేదు. ఎలా వాయించాలో కళ్ళారా చూశాక, తమ టపటపలు ఎవరికి వినిపించాలనిపిస్తుంది? ధనశ్రీ అని డిగ్రీ చదివే అమ్మాయి ఒకర్తె ఆశపడింది. సోనీ పక్కనే కూర్చుని, కాలు వదిలేసి ముందు చేతులే ఆడించమంది. ఆ అమ్మాయి మూడు రోజులు వచ్చింది, బాగానే పట్టుకుంది. నాలుగోరోజు ఆమె వాయిస్తుంటే స్నేహితురాళ్ళు వెనక నిలబడి పడీపడీ నవ్వారు. మళ్ళీ రాలేదు.

"నేను వాయించడం మానేస్తాను సార్. నా వల్లే ఎవరూ కూర్చోవట్లేదు" అంది సోనీ.

"నువ్వు కూకోకపోతే మాత్రం ఎవుడు కూకున్నాడమ్మా?" అన్నాడు దేవీప్రసాద్. "కానీలే. గిటార్లు ఆడతన్నాయి కదా."

ఈలోగా వీడియోల్లో ఒకటి చర్చి వాట్సప్ గ్రూపులోకి వచ్చింది. అక్కడినుంచి మార్కెట్‌కి వెళ్ళింది. కొట్టులో కాటా దగ్గర పనిచేసే తాతబ్బాయి ఫోన్ తెచ్చి వరప్రసాదరావు ముందు పెట్టాడు.

"మావా, ఇది మన సోనీ కాదేటి?"

వరప్రసాదరావు చూశాడు. చప్పుడు తగ్గించమనలేదు. మొత్తం చూసి, ఫోన్ వెనక్కి ఇచ్చేసి, తన పనిలో పడ్డాడు.

ఆ సాయంత్రం నాన్న ఆ వీడియో చూశాడని సోనీకి అమ్మ ద్వారా తెలిసింది, అమ్మకి తాతబ్బాయి చెప్పాడు. నాన్న అరుస్తాడేమోనని భయపడలేదు ఆమె, ఆయనకి అరవడం రాదు. చెప్పులేసుకుని వెళ్ళిపోతాడేమోనని భయపడింది. ఆయన వెళ్ళలేదు. తలవంచుకుని తిని, పడుకున్నాడు. చర్చి నుంచి పాస్టరుగారు ఫోన్ చేసి, రెండో ఆరాధనలో డ్రమ్స్ వాయిస్తావా అమ్మా అని అడిగితే, "తెర మీద చూసి కొట్టడం వేరండి, అక్కడ నేను కూర్చోలేను" అంది సోనీ. అది అన్నయ్య కూర్చున్న చోటని ఆయనకీ తెలుసు. ఒత్తిడి చేయలేదు.

తర్వాత మార్కెట్ సెలవు రోజు మధ్యాహ్నం, గేమ్ జోన్ మెట్లెక్కి వరప్రసాదరావు వచ్చాడు. కూతురు అక్కడ చేరాక ఆయన ఆ మెట్లెక్కడం అదే మొదలు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. హాలు ఖాళీగా ఉంది. వెలుగుతూ ఆరుతూ ఉన్న మిషన్లన్నిటినీ ఒకసారి చూసి, కౌంటర్ దగ్గర ఆగాడు.

"ఏటి నాన్నా, ఇలా వచ్చేవు?"

"ఏదమ్మా అది? నువ్వు కొట్టీది."

ఆమె చూపించింది. ఆయన దగ్గరికి వెళ్ళి, రబ్బరు ప్యాడ్‌ని అరచేత్తో తడిమాడు. పుల్ల తీసి చూసి పెట్టేశాడు. "ఆడు ఇలగే కూకునీవోడా?" అన్నాడు.

ఇన్నేళ్ళకి ఆయన నోట 'ఆడు' అనే మాట వచ్చింది. సోనీ తలూపింది.

"నేను కూకుంటే ఏటైనా అంటారేటి మీవోళ్ళు?"

"ఎవరూ అనరు నాన్నా. కూర్చో."

ఆయన పంచె సర్దుకుని కూర్చున్నాడు. సోనీ అన్నిటికన్నా తేలిక పాట పెట్టింది. పుల్లలు ఎలా పట్టుకోవాలో చూపించింది. బిళ్ళలు దిగాయి. ఎర్రది వచ్చినప్పుడు ఆయన పసుపుది కొట్టాడు. పసుపుది వచ్చేసరికి రెండు చేతులూ కలిపి కొట్టాడు. కాలు తొక్కాల్సినప్పుడు చేతులు గాల్లో ఆగిపోయాయి. చూస్తూండగానే తెర ఎర్రబడి, పాట మధ్యలో తెగిపోయి, ఫెయిల్డ్ అని పెద్ద అక్షరాలు వచ్చాయి.

"అయిపోనాదా?"

"ఆపేసింది నాన్నా. తప్పులు ఎక్కువైతే ఆపేస్తాది."

"మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టింది. మళ్ళీ తెగిపోయింది. ఇంకోసారి పెట్టమన్నాడు. ఆయన మెడ మీద చెమట పట్టింది. కళ్ళు తెర మీంచి తిప్పడం లేదు. మూడోసారీ పాట తెగిపోయాక పుల్లలు రెండూ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"రెండు సేతులూ ఒకలాగే ఎల్లిపోతన్నాయి" అన్నాడు. "కాలు ఆటి ఎనకాలే పోతంది. ఇయన్నీ దేనికది ఎలగ నడిపీవోడమ్మా ఆడు? గంటసేపు పాటలు పాడితే గంటసేపూ."

సోనీ ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

"ఊరికే కొట్టడమే అనుకునీవోణ్ణి. సేతికి పని లేక కొడతన్నాడు అనుకునీవోణ్ణి. కంచం మీద కొడితే కంచం లాగేసుకున్నాను. ఏటుందిరా అందులో అంటే ఒక్కరోజైనా సెప్పలేదు నాకు."

"చెప్తే తెలిసేది కాదు నాన్నా. నాకూ కొడితేనే తెలిసింది."

ఆయన ముఖం చొక్కా చేతికి అద్దుకున్నాడు. ఏడుస్తున్నట్టు చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి. సోనీ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. తెర తనంతట తానే మెనూకి వెళ్ళి, గిటారా డ్రమ్సా అని అడుగుతూ నిలబడింది. దేవీప్రసాద్ లోపలి గదిలోంచి వచ్చి, చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మార్కెట్ సెలవు వచ్చినప్పుడల్లా వరప్రసాదరావు వచ్చేవాడు. ఎవరూ లేని మధ్యాహ్నపు వేళే. అదే తేలిక పాట. నాలుగైదు వారాలకి ఎరుపూ పసుపూ చేతులకి అలవాటయ్యాయి గానీ కాలు మాత్రం లొంగలేదు. పాట ఒక్కసారైనా చివరిదాకా పోలేదు. ఆయన దానికి సిగ్గుపడలేదు. ఆట మధ్యలో ఆగినప్పుడల్లా కొడుకు గురించి ఏదో ఒకటి అడిగేవాడు. ఆడికి పెళ్ళి చేసుకోవాలని ఉండేదా? కొండకర్ల ఆవ చెరువు దగ్గరికి స్నేహితులతో వెళ్ళినప్పుడు రాత్రి లేటుగా వచ్చాడు, ఎందుకో తెలుసా? సోనీకి తెలిసినవి చెప్పేది. తెలియనివి ఇద్దరూ ఊహించుకునేవారు. ఇంటికి వెళ్ళాక మళ్ళీ ఆ మాట ఉండేది కాదు. ఆయన ఆ మాటలు ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడే మాట్లాడగలిగేవాడు.

రిథమ్ గేమ్ ఆడే జనం అందరిలో డ్రమ్ మోడ్‌కి మిగిలింది వాళ్ళిద్దరే. అందులో ఒకరు జీతానికి పనిచేసే మనిషి, ఇంకొకరు పాట పూర్తిచేయలేని మనిషి.

వేసవి సెలవుల ముందు దేవీప్రసాద్ బొమ్మలు పట్టే మిషన్ ఒకటి కొన్నాడు. అద్దాల పెట్టెలో దూది ఎలుగుబంట్లు పడి ఉంటాయి, పైనున్న ఇనప కొక్కెంతో వాటిని ఎత్తాలి. చిన్నపిల్లల తల్లులందరూ అదే అడుగుతున్నారు. పెట్టడానికి చోటు లేదు. నూకరాజు కొలతలు వేసి చూశాడు.

"డ్రమ్ము ఇప్పేత్తే సరిపోద్ది బావా. గిటార్లు అలగే ఉంటాయి. తెర పనిసేత్తాది. ఆడీవోడు లేడు కదా దాన్ని."

దేవీప్రసాద్ కొన్నాళ్ళు నానబెట్టాడు. ఆ పెద్దాయన వస్తున్నాడని ఆయనకి తెలుసు. కానీ సెలవులు దగ్గరపడ్డాయి, మిషన్ మెట్ల కింద కవరు కప్పుకుని ఉంది. సోనీ అమ్మమ్మకి బాగోలేదని రావికమతం వెళ్ళి రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజుల్లోనే నూకరాజు వచ్చి స్క్రూలు విప్పాడు. ప్యాడ్లు, పెడల్, స్టూలు వేరే పాత సామానుతో కలిపి విశాఖ వెళ్ళే వ్యాన్‌లో ఎక్కాయి.

సోనీ వచ్చి చూసేసరికి అక్కడ దూది ఎలుగుబంట్లు ఉన్నాయి.

"నీకు ఫోన్ సేద్దామనుకున్నానమ్మా" అన్నాడు దేవీప్రసాద్ ఆమె కళ్ళలోకి చూడకుండా. "నీ డ్యూటీకి ఏటీ ఇబ్బంది లేదు."

"సరే సార్" అంది సోనీ. వెంటనే తండ్రికి ఫోన్ చేసి చెబుదామనుకుంది. ఏమని చెప్పాలో తోచక, సాయంత్రం ఇంటి దగ్గర చెబుదామనుకుంది. ఇంటి దగ్గర నోరు రాలేదు. అలా వారం గడిచిపోయి మార్కెట్ సెలవు వచ్చేసింది.

వరప్రసాదరావు ఎప్పటిలాగే మధ్యాహ్నం వచ్చాడు. మెట్లు గబగబా ఎక్కినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. నేరుగా ఆ మూలకి నడిచి, అద్దాల పెట్టె ముందు ఆగిపోయాడు. దానిలోంచి ఆగకుండా ఒక పిల్లల పాట మోగుతోంది. ఆయన దాని వెనక్కి కూడా తొంగి చూశాడు.

"ఏదమ్మా?"

"తీసేశారు నాన్నా. ఎవరూ ఆడట్లేదని."

"ఎక్కడ పెట్టేరు?"

"వైజాగ్ పంపించేశారు. పాత సామాన్లలో."

"నిజమేలే, ఎవులూ ఆడరు కదా" అన్నాడు. తర్వాత కౌంటర్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, ఎవరికీ చెప్పనిది చెబుతున్నట్టు అన్నాడు.

"కొట్టులో బల్ల కింద కాలు ఆడించుకుంటన్నానమ్మా రోజూ. నిన్న కుదిరింది. కాలు యేరుగా, సెయ్యి యేరుగా."

"నిజంగానా? ఏదీ, చూపించు నాన్నా" అంది సోనీ.

ఆయన అటూ ఇటూ చూశాడు. గిటార్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఉన్నారు గానీ ఇటు చూడటం లేదు. ఆయన కౌంటర్ అద్దం మీద రెండు చేతుల వేళ్ళూ ఆనించి, కింద చెప్పు మడమతో నేలని తట్టాడు. కాలు, చెయ్యి, కాలు. రెండో చెయ్యి మధ్యలో సరిగ్గా వచ్చి పడింది. కొన్ని దెబ్బలు బాగానే నడిచాయి. సోనీకి ఆ తాళం తెలుసు. ఆదివారాలు అన్నయ్య పాట మొదలుపెట్టే ముందు అందరికీ అందించే తాళం అది. నాన్న ఎన్నడూ దాన్ని పట్టించుకుని వినలేదనుకుంది ఇన్నాళ్ళూ.

అంతలో ఎలుగుబంట్ల మిషన్‌లో పాట మారి, గట్టిగా మోగింది. ఆయన చెయ్యి తడబడింది, కాలు దాని వెనకే పోయింది. ఇంకోసారి మొదలుపెట్టాడు, కుదరలేదు. చేతులు తీసేశాడు.

"వచ్చింది, నిన్న వచ్చింది" అన్నాడు.

"ఇప్పుడూ వచ్చింది నాన్నా. ఆ మిషన్ గోలకి పోయింది."

"ఊఁ" అని, రెండడుగులు వేసి ఆగాడు. "వత్తానమ్మా. మీ అమ్మ మందులు తెమ్మంది" అన్నాడు. రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగాడు. సోనీ కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆయన ఆటోల మధ్యలోంచి రోడ్డు దాటేదాకా చూసింది.

ఆ రోజు ఆమె ఇంటికి వెళ్ళేసరికి చిన్నమ్మలు వంటింట్లో ఉంది. వరప్రసాదరావు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మందులు తేవడం మర్చిపోయాడు.

"సెలవు పూట ఎక్కడికెల్లేవు, ఇంత దిగాలుగా వచ్చేవు?" అని అడుగుతోంది చిన్నమ్మలు లోపలినుంచి.

ఆయన చెప్పుల కోసం చూడలేదు. లేవలేదు.

"ఆడి డ్రమ్ము ఎత్తేసేరే" అన్నాడు.

చిన్నమ్మలు గరిట పట్టుకునే బయటికి వచ్చి ఆయన్ని చూసింది, కూతుర్ని చూసింది. ఏ డ్రమ్ము అని అడగలేదు. కాసేపటికి ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు.